పొద్దుటి మసక

మన ఇళ్ళల్లో కంటి జబ్బులన్నిటికీ కలిపి రెండే పేర్లు. ఒకటి పొర, రెండోది పువ్వు. పెద్దవాళ్ళకి చూపు తగ్గితే "పొర వచ్చింది, తీయించాలి" అంటాం. చిన్నప్పుడు అమ్మవారు పోసో, వడ్లగింజ తగిలో నల్లగుడ్డు మీద తెల్లమచ్చ మిగిలితే "పాపం, కంట్లో పువ్వు వేసింది" అంటాం. పొర అంటే డాక్టర్ల భాషలో కాటరాక్టు, మన పుస్తకాల భాషలో శుక్లం. అది కంటి లోపలి లెన్సుకు వచ్చేది. పువ్వు వేసేది కంటికి ముందున్న గడియారపు అద్దంలాంటి భాగం మీద. దాన్ని కార్నియా అంటారు.

నేను చెప్పబోయే జబ్బుకి మాత్రం మన ఇళ్ళల్లో పేరే లేదు. అది పొరా కాదు, పువ్వూ కాదు. పొరతో పాటు, పొర చాటున వస్తుంది. పొర తీయించుకున్నాక అసలు రూపం చూపిస్తుంది. అప్పుడు ఇంట్లోవాళ్ళు డాక్టర్ని తిట్టుకుంటారు. డాక్టరు పథ్యాన్ని తప్పుపడతాడు. రోగి మాత్రం తన ఖర్మ అనుకుని ఊరుకుంటుంది. "ఊరుకుంటుంది" అని ఎందుకన్నానంటే, ఈ జబ్బు మగవాళ్ళకంటే ఆడవాళ్ళలోనే ఎక్కువ.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్తగారి అక్కగారు మాతోనే ఉండేవారు. ఇంటిల్లిపాదికీ ఆవిడ దొడ్డమ్మ. పొద్దున్నే లేచి పొయ్యి దగ్గర కూర్చుంటే పాలు పొంగింది కనిపించేది కాదు. దీపం చుట్టూ రంగుల వలయం కనిపిస్తోందనేవారు. అదే మనిషి మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగు మీద చేట ముందేసుకుని బియ్యంలో మట్టిగడ్డలు ఒక్కటి వదలకుండా ఏరేవారు. "దొడ్డమ్మకి పని ఉన్నప్పుడే కళ్ళు కనిపించవు" అని ఇంట్లో వేళాకోళం. కొన్నాళ్ళకి ఊళ్ళో కంటి శిబిరం పెడితే పొర తీయించారు. సోడాబుడ్డి కళ్ళద్దాలు పెట్టుకుని నాలుగు నెలలు బాగానే తిరిగారు. ఆ తర్వాత పొద్దుటి మసక మధ్యాహ్నానికీ పోవడం మానేసింది. కన్ను పాలమీగడ కట్టినట్టయింది, ఇసుక పడ్డట్టు గరగరలాడేది. తొందరపడి తలంటు పోసుకుందన్నారు కొందరు. పెళ్ళిలో హోమం పొగ తగిలిందన్నారు ఇంకొందరు. శిబిరం డాక్టరు చెయ్యి మంచిది కాదన్నారు మిగిలినవాళ్ళు.

దొడ్డమ్మది ఈ జబ్బేనని ఇప్పుడు నిరూపించడానికి నా దగ్గర ఏ కాగితమూ లేదు. కానీ ఈ జబ్బు చరిత్ర చదువుతున్నప్పుడు పేజీపేజీకీ ఆవిడ గుర్తుకొచ్చారు. ఎందుకంటే ఈ చరిత్ర సరిగ్గా ఆ వేళాకోళం దగ్గరే మొదలవుతుంది: పొద్దున్న కనిపించదు, మధ్యాహ్నం కనిపిస్తుంది. అదెలా?

ఆ మాటని వేళాకోళం చెయ్యకుండా రాసిపెట్టుకున్న మనిషి ఎర్నెస్ట్ ఫుక్స్. 1851లో పుట్టారు. వియన్నాలో కంటివైద్యానికి ఆచార్యులు. 1889లో ఆయన అచ్చువేసిన పాఠ్యపుస్తకం ఎన్నో భాషల్లోకి వెళ్ళింది. ఒక తరం కంటి డాక్టర్లంతా దాన్ని చదివే పరీక్షలు రాశారు. అంతటి పేరున్నాయన 1910లో 13 మంది రోగుల గురించి ఒక వ్యాసం ప్రచురించారు. అందరూ వయసు మళ్ళినవాళ్ళు. కన్ను ఎర్రబడలేదు, దెబ్బ తగల్లేదు. అయినా కార్నియా నడిమధ్య మసకబారింది. పైన గరుకుగా, చిన్నచిన్న నీటిపొక్కుల్లా లేచింది. అన్నిటికంటే వింత, చూపు పొద్దున్న తక్కువగా ఉండి పొద్దెక్కేకొద్దీ మెరుగుపడుతుంది. పొక్కులు కనిపించింది కార్నియా పైపొర మీద కాబట్టి ఆయన దీన్ని పైపొర జబ్బుగానే లెక్కకట్టి, పేరు కూడా అలాగే పెట్టారు.

ఇక్కడే ఉంది చిక్కు. గోడ మీద సున్నం పెచ్చులూడుతుంటే మనం ఏం చేస్తాం? ముందు గోడనే చూస్తాం. మళ్ళీ సున్నం వేయిస్తాం. కారుతున్న గొట్టం గోడ వెనకాల ఉందని తెలియడానికి రెండు వానాకాలాలు పడుతుంది. ఫుక్స్ గారు చూసింది పెచ్చులు. గొట్టం వెనకాల ఉంది. దాన్ని చూడటానికి ఆయన చేతిలో సాధనం లేదు.

ఆ సాధనం మరుసటి ఏడే వచ్చింది. 1911లో స్వీడన్ దేశపు ఆల్వార్ గుల్‌స్ట్రాండ్ సన్నటి చీలికలోంచి వెలుతురు పంపే దీపాన్ని చూపించారు. అదే స్లిట్ ల్యాంపు. కంటి డాక్టరు దగ్గర గడ్డం ఆనించి, నుదురు పట్టీకి తాకించి కూర్చోమంటారు చూడండి, ఆ యంత్రానికి అదే ముత్తాత. అదే ఏడు ఆయనకి నోబెల్ బహుమతి కూడా వచ్చింది. బహుమతి ఈ దీపానికి కాదు, కన్ను వెలుతుర్ని ఎలా వంచుతుందో లెక్కకట్టినందుకు.

ఆ దీపం వెలుగులో చూస్తే కార్నియా ఒకే అద్దం కాదని తేలింది. దానికి వెనకవైపు, రవికకు లైనింగు వేసినట్టు, ఒక్క వరస కణాలతో అతి పలచని పొర ఒకటుంది. దాని పేరు ఎండోథీలియం. 1920లో క్రౌపా అనే డాక్టరు, పైపొర మసకకి కారణం ఈ లోపలి పొరలో ఉందేమోనని అన్నారు. 1921లో స్విట్జర్లాండు వైద్యుడు ఆల్ఫ్రెడ్ ఫోగ్ట్, కొందరు రోగుల లోపలి పొర మీద మంచుబిందువుల్లాంటి బుడిపెలు వర్ణించారు. ఇప్పటికీ వాటిని లాటిన్ భాషలో "బొట్లు" అనే అర్థం వచ్చే మాటతో గుట్టే అంటారు. అవి దగ్గరదగ్గరగా కమ్ముకుంటే సుత్తితో కొట్టిన లోహంలా కనిపిస్తుందని డాక్టర్లు చెప్తారు. మనకి ఆ పోలిక ఎవరూ విడమరచనక్కర్లేదు. కంచరివాడి రాగిబిందె మీద సుత్తి నొక్కులు తెలియనిదెవరికి? నేరుగా చూస్తే ఆ నొక్కులు కనపడవు. బిందెని కిటికీ వైపు కాస్త వాల్చి, వెలుగు తళుక్కుమన్న కోణంలో చూస్తేనే కనపడతాయి. ఈ జబ్బూ అంతే. దీపాన్నీ చూపునీ ఆ కోణానికి తెచ్చి చూసిన డాక్టరుకే దొరుకుతుంది. దాన్ని దాటి వెనకనున్న పొర మీదనే దృష్టి పెట్టినవాడికి దొరకదు.

గోడా గొట్టమూ తగువు తీర్చింది అమెరికాలోని తండ్రీకొడుకులు, హ్యారీ, జోనస్ ఫ్రీడెన్‌వాల్డ్‌లు. 1925లో వాళ్ళు ఒక రోగి గురించి రాశారు. ఒక కంట్లోనే పైపొర చెడింది, కానీ లోపలి పొర బొట్లు మాత్రం రెండు కళ్ళలోనూ ఉన్నాయి. కొన్నాళ్ళకి రెండో కన్నూ పైన మసకేసింది. అంటే లోపలిది ముందు, పైది వెనక. అదే ఏడు బేసిల్ గ్రేవ్స్ అనే ఆయన న్యూయార్కు వైద్యసభలో, ఫుక్స్ చూసింది ఈ జబ్బు ముదిరిన వాళ్ళలో వచ్చే చివరి మజిలీ కావచ్చునని చెప్పారు. పేరులో "పైపొర" పోయి "లోపలి పొర" వచ్చింది. కానీ ఫుక్స్ పేరు మాత్రం అలాగే నిలిచింది. పెట్టిన పేరు తప్పినా, విన్న మాట తప్పలేదు కదా!

ఇంతకీ ఆ లోపలి పొర చేసే పని ఏమిటి? నీళ్ళు తోడటం. కార్నియా మందం సుమారు అర మిల్లీమీటరు. అందులో రక్తనాళాలు లేవు, ఉంటే అద్దంలా ఉండదు. తిండి చాలావరకు కంటి లోపలి నీటినుంచే అందుతుంది. ఆ నీరు కార్నియాలోకి ఊరుతూనే ఉంటుంది. ఊరినదాన్ని ఊరినట్టే లోపలి పొర కణాలు వెనక్కి తోడిపోస్తూ ఉంటాయి. తోడకపోతే కార్నియా నానిన అటుకులా ఉబ్బి మసకబారుతుంది. రాత్రంతా రెప్పలు మూసుకుని ఉంటాం కనుక కంటి మీద తడి ఆరదు. అందుకే ఎవరికైనా తెల్లవారేసరికి కార్నియా కొద్దిగా ఉబ్బే ఉంటుంది. ఆరోగ్యమైన కంట్లో మనకది తెలియనుకూడా తెలియదు. తోడేవాళ్ళు తగ్గిన కంట్లో మాత్రం గాలి తగిలి, తడి ఆరి, తేటపడేసరికి మధ్యాహ్నమవుతుంది. దొడ్డమ్మ బియ్యం ఏరే వేళ అన్నమాట!

ఈ కణాల సంసారం మన ఉమ్మడి కుటుంబం లాంటిది. పెద్దవాళ్ళ కంట్లో చదరపు మిల్లీమీటరుకి ఇంచుమించు 2,500 కణాలు, తేనెపట్టు గదుల్లా ఆరు పలకలతో ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. మనిషి కంట్లో ఇవి పోతే మళ్ళీ పుట్టవనే చెప్పాలి. ఒక కోడలు వేరుకాపురం పోతే మిగిలిన తోడికోడళ్ళు ఆ పనీ పంచుకున్నట్టు, పక్క కణాలు సాగి ఆ ఖాళీని కప్పుతాయి. ఏటా కొన్ని పోతూనే ఉంటాయి, పని సాగుతూనే ఉంటుంది, బయటికి ఏమీ తెలియదు. ఇంచుమించు 500కి దిగేసరికి ఇక ఎవరికీ చేతకాదు. ఇల్లు మునుగుతుంది. ఫుక్స్ జబ్బులో ఈ తరుగుదల చాలా తొందరగా సాగుతుంది.

ఇప్పుడు పొర ఆపరేషను సంగతి. సుశ్రుతుడి కాలంనుంచీ మన దేశంలో సూదితో పొరని కంటి వెనక్కి నెట్టేవారు. 1747లో ఫ్రాన్సులో జాక్ డవియెల్ దాన్ని బయటికే తీశారు. 1949 నవంబరు 29న లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో హెరాల్డ్ రిడ్లీ ఇంకో అడుగు వేశారు. తీసిన లెన్సు స్థానంలో ప్లాస్టిక్కు లెన్సు పెట్టారు. మొదటి రోగి 45 ఏళ్ళ స్త్రీ. యుద్ధంలో విమానాల కిటికీ ముక్కలు గుచ్చుకున్నా పైలట్ల కళ్ళు ఆ ప్లాస్టిక్కుని సహించాయని గమనించే ఆయన ఆ సాహసం చేశారు. ఈనాడు మన అమ్మలూ అత్తలూ సోడాబుడ్డి అద్దాలు లేకుండా టీవీ చూస్తున్నారంటే ఆ మహానుభావుడి చలవే.

కానీ పొర తీసినా, లెన్సు పెట్టినా, చేసే పనంతా ఆ తోడికోడళ్ళ గుమ్మం ముందే. ఆరోగ్యమైన కంట్లో కూడా ఆపరేషనుకి కొన్ని కణాలు పోతాయి. అయినా నిల్వ ఉంటుంది కనుక నష్టం తెలియదు. ముందే సగం ఖాళీ అయిన ఇంట్లో ఆ కొన్నే కొంప ముంచుతాయి. 1950లలో కార్నియాకి దగ్గరగా పెట్టిన లెన్సులు కొన్నాళ్ళకి ఆ పొరనే దెబ్బతీయడంతో, చాలావాటిని మళ్ళీ తీసేయవలసి వచ్చింది. 1980లలో అమెరికాలో కార్నియా మార్పిడికి ముఖ్య కారణాలలో ఒకటి, పొర ఆపరేషను తర్వాత ఉబ్బిపోయిన కార్నియాయే. ఒక జబ్బుకి చేసిన వైద్యం ఇంకో వైద్యానికి దారితీసిందన్నమాట.

అయితే నేరం ఎవరిది? లెన్సుదా, చేతిదా, ముందే ఉన్న జబ్బుదా? తేల్చాలంటే ఆపరేషనుకి ముందూ తర్వాతా ఆ కణాల్ని లెక్కపెట్టాలి. 1968లో డేవిడ్ మారిస్ అనే శాస్త్రవేత్త కన్ను కోయకుండానే ఆ కణాల్ని ఫోటో తీసే స్పెక్యులర్ మైక్రోస్కోపు గురించి రాశారు. 1975లో లేయింగ్ బృందం దాన్ని రోగి కంటికి పనికొచ్చేలా మలిచారు. 1976లో బోర్న్, కాఫ్మన్ అనే ఇద్దరు డాక్టర్లు లెన్సు పెట్టిన కళ్ళలో కణాలెంత తగ్గాయో లెక్కతో చూపించారు. 1977లో కాఫ్మన్ బృందం ఇంకో సంగతి బయటపెట్టింది. ఆ ప్లాస్టిక్కు లోపలి పొరకి ఊరికే తాకితే చాలు, కణాలు దానికి అంటుకుని ఊడివస్తాయట! తడి చేతికి అప్పడం పిండి అంటుకున్నట్టు.

ఈ కథలో మన తెలుగువాడి పేజీ ఒకటుంది. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివిన గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు అప్పట్లో అమెరికాలోని రోచెస్టరులో కార్నియా మీద పనిచేస్తున్నారు. లెన్సు ఆపరేషను తర్వాత ఉబ్బిపోయిన కార్నియాలు ఆపరేషనుకి ముందు ఎలా ఉండేవన్న ప్రశ్న మీద ఆయన, సహచరులు 1984లో ఒక వ్యాసం ప్రచురించారు. కణాల లెక్క ఒక్కటే చూస్తే చాలదు, వాటి ఆకారం, పరిమాణం సమంగా ఉన్నాయా, ఎగుడుదిగుడుగా ఉన్నాయా అనేది కూడా ముందే చూసుకోవాలన్న ఆలోచనకి అలాంటి పరిశీలనలే బలమిచ్చాయి. ఆ నాగేశ్వరరావు గారే తిరిగొచ్చి, సినీ నిర్మాత ఎల్.వి. ప్రసాద్ గారి విరాళంతో 1987లో హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి నెలకొల్పారు.

ముందే కనిపెడితే ఏమిటి లాభం? ఆపరేషను మానేయమనా? కాదు. బొట్లు కాసిని ఉన్నవాళ్ళలో చాలామందికి ఆపరేషను నిక్షేపంగా జరుగుతుంది. లాభమేమిటంటే, డాక్టరు జాగ్రత్తపడతాడు. కణాలు లెక్కపెట్టిస్తాడు, కార్నియా మందం కొలుస్తాడు. ఆపరేషనులో ఆ పొరకి తగలకుండా జిగురులాంటి మందు పూతగా వేస్తాడు. 1980 ప్రాంతంలో వాడకంలోకి వచ్చిన ఆ మందుని మొదట్లో దేన్నుంచి తీసేవారనుకున్నారు? కోడిజుట్టు నుంచి! పుంజు నెత్తిన ఎర్రగా ఊగుతుందే, దాన్నుంచి. ఆ పైన, పొర మరీ గట్టిపడేదాకా ఆగకుండా మెత్తగా ఉన్నప్పుడే తీస్తే కంటికి తక్కువ శ్రమ. "ముదరనివ్వండి" అనే మన పాత సలహా ఇలాంటి కంటికి పనికిరాదు.

అన్నిటికంటే పెద్ద లాభం, చెప్పవలసిన మాట ముందే చెప్పడం. "అమ్మా, మీకు రెండు జబ్బులున్నాయి. ఒకటి ఇప్పుడు తీస్తాను, రెండోదానికి తర్వాత ఇంకో ఆపరేషను కావలసి రావచ్చు" అని ముందు చెప్పిన మాట జాగ్రత్త అవుతుంది. అదే మాట తర్వాత చెప్తే సాకు అవుతుంది. మాట అదే, తేదీయే తేడా.

ఆ రెండో ఆపరేషనూ ఇప్పుడు పూర్వంలా లేదు. 1905 డిసెంబరు 7న, నేటి చెక్ దేశంలోని ఓలొమోట్స్‌లో ఎడ్వర్డ్ జిర్మ్ సున్నం పడి కళ్ళు పోయిన ఒక కూలీకి, ఒక బాలుడి కన్ను నుంచి తీసిన కార్నియా కుట్టి చూపు తెప్పించారు. ఆ తర్వాత చాలా దశాబ్దాలపాటు లోపలి పొర చెడినా కార్నియా మొత్తం మార్చడమే పద్ధతి. నెదర్లాండ్స్ వైద్యుడు గెరిట్ మెల్లెస్ 1998 నుంచి దాన్ని మార్చుకుంటూ వచ్చారు. రవిక మొత్తం విప్పకుండా లైనింగు ఒక్కటే మార్చినట్టు, లోపలి పొరని మాత్రమే మారుస్తారు. గాలిబుడగ దాన్ని పైకి నొక్కి అతికిస్తుంది కనుక రోగి కొంతకాలం వెల్లకిలా పడుకుని ఇంటి కప్పు చూస్తూ ఉండాలి, అంతే. జపానులో కినోషితా బృందం దాత కణాల్ని పెంచి 11 మంది కళ్ళలోకి సూదితో ఎక్కించి, ఫలితాలు 2018లో ప్రచురించింది. ఎన్ని దారులొచ్చినా మొదటి కన్ను మాత్రం ఎవరో ఒకరు పోతూ పోతూ ఇవ్వవలసిందే. నేత్రదానం పత్రం మీద సంతకం చేసేటప్పుడు, ఒక్క పలచని పొర కోసం ఎదురుచూసే వాళ్ళున్నారని గుర్తుంచుకోండి.

ఇంకో సంగతి, ఇది వంశాల్లో నడిచే జబ్బు. 1978లో క్రాక్మర్, ఆయన తోటి డాక్టర్లు 64 కుటుంబాలను పరీక్షించి, రోగుల రక్తసంబంధీకుల్లోనూ ఈ బొట్లు కనిపిస్తాయనీ, జబ్బు ముదిరేది ఆడవాళ్ళలోనే ఎక్కువనీ రాశారు. కనుక అమ్మకి ఉంటే కూతుళ్ళూ చూపించుకోవాలి. దీపం చుట్టూ వలయాలు కనిపించడం కంటిలో ఒత్తిడి పెరిగినా జరుగుతుంది. అందుచేత ఇంట్లోనే తీర్పు చెప్పేసుకోకండి, తీర్పు దీపం దగ్గర కూర్చున్న డాక్టరుది.

కానీ సాక్ష్యం మాత్రం మనది. ఎన్ని యంత్రాలొచ్చినా, ఈ జబ్బుని పట్టిచ్చే మొదటి ఆనవాలు 1910 నాటి ఆ చిన్న మాటే. ఉత్త పొర అయితే మసక ఇలా పొద్దెక్కేకొద్దీ విడిపోదు. ఆ తేడా పది నిమిషాలు చూసే డాక్టరుకి తెలియకపోవచ్చు. ఇరవై నాలుగ్గంటలూ ఒక కప్పు కింద ఉండే మనకి తెలుస్తుంది. ఆపరేషనుకని బయల్దేరేటప్పుడు సంచీలో పాత చీట్లు, షుగరు మాత్రలు, మరచెంబు సర్దుకుంటాం కదా. వాటితోపాటు ఈ రెండు ముక్కలు కూడా కాగితం మీద రాసి పెట్టుకోండి: పొద్దున్న లేవగానే ఎలా కనిపిస్తోంది, మధ్యాహ్నానికి ఎలా కనిపిస్తోంది. డాక్టరు అడక్కపోయినా సరే, చెప్పండి.